మెకానిక్ దొరకని యంత్రం మన డెల్టాలో నిలుస్తుందా?

ఉండి చెరువుగట్టు

రొయ్యల చెరువులకు నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు, తమంతట తాముగా మేత చల్లే యంత్రాలు, ఫోనులో చూసుకునే లెక్కల యాప్‌లు అమ్మజూపేవారు ఈ మధ్య మన గోదావరి జిల్లాల్లో బాగా పెరిగారు. వాటి మంచిచెడ్డలను ధరను బట్టో ప్రకటనలను బట్టో తేల్చడం కన్నా, చెడిపోయిన రోజున వాటిని ఎవరు బాగుచేస్తారు, ఎంత సేపట్లో బాగుచేస్తారు అన్న ప్రశ్నతో తేల్చాలని ఉండి ఊరి చెరువు రైతుగా నా అభిప్రాయం.

2009లో వనామీ రొయ్య సాగుకు కేంద్రం అనుమతి ఇచ్చాక మన చెరువుల్లో పిల్ల వేసే సాంద్రత పెరిగింది, నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే ఏరియేటర్ లేనిదే పంట లేదన్న స్థితి వచ్చింది. ఆ ఏరియేటర్ ఇంత త్వరగా పాతుకుపోవడానికి దాని పనితనం ఎంత కారణమో, భీమవరం, ఆకివీడు, పాలకొల్లులలో మోటార్లు చుట్టేవారూ గేర్‌బాక్సులు విప్పేవారూ ఉండడం కూడా అంతే కారణం. కరెంటు పోయినా వచ్చినా ఫోనుకు కబురు పంపే మొబైల్ స్టార్టరు కూడా అలాగే నిలదొక్కుకుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే రైతు చేతిలో ఉండేది గంటో రెండు గంటలో. అటువంటి చోట "మూడు పనిదినాల్లో మా మనిషి వస్తాడు" అన్న హామీ ఎందుకు పనికొస్తుందో నాకు అర్థం కావడం లేదు. వాడినవారు, అమ్మినవారు, బాగుచేసినవారు తమ ఊరి పేరుతో ఈ చర్చలో తమ అనుభవం రాయాలని కోరుతున్నాను. వరి, కొబ్బరి రైతులు కూడా రాస్తే ఇంకా మేలు.

పాలకొల్లు వర్క్‌షాపు

బాగుచేసేవారి తరఫున నేను రాస్తాను. రెండు హెచ్‌పీ, నాలుగు చక్రాల ఏరియేటర్ మా దగ్గరకు వస్తే అందులో మాకు తెలియనిది ఏమీ ఉండదు. ఆయిల్ సీలు పోయి గేర్‌బాక్సులోకి నీరు దిగడం, ఒక ఫేజు పోయి మోటారు కాలడం, ఉప్పునీటికి బోల్టులు తుప్పుపట్టడం, చక్రం రెక్కలు విరగడం, వీటితోనే మా పనిలో ముప్పాతిక భాగం గడిచిపోతుంది. విడిభాగాలు ఏ కంపెనీవైనా కొలతలు దాదాపు ఒకటే కాబట్టి బజారులో దొరికినదాన్ని బిగించి, మోటారు కాలితే రాత్రికి రాత్రే చుట్టి పంపిస్తాం. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు అనే చిన్న పెట్టె అందరూ పెట్టించుకోవడం మొదలయ్యాక కాలిన మోటార్ల రాక బాగా తగ్గింది. మా ఆదాయానికి గండి కొట్టిన పరికరమే అయినా దాన్ని నేను మెచ్చుకుంటాను, ఎందుకంటే దాని ధర తక్కువ, పోతే మార్చుకోవడం సులువు.

సెన్సార్ పెట్టెల సంగతి వేరు. లోపలి బోర్డు మీద జిగురు పోసి గట్టిపరచి ఉంటుంది. నీరు దిగకుండా అలా చేయడం అవసరమేనని ఒప్పుకుంటాను, కానీ బోర్డు పటం ఎవరికీ ఇవ్వరు, నీటిలో ముంచి కొలిచే ప్రోబు విడిగా అమ్మరు, అందులోని సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. ఒక రైతు తెచ్చిన పెట్టెను విప్పి చూస్తే తప్పు కేబుల్ అతుకులోనే కనిపించింది. అతుకు వేసి ఇచ్చాను, అది పనిచేసింది, ఆ తరువాత "బయటివారు విప్పారు" అని గ్యారంటీ రద్దు చేశారు.

భీమవరం ఇంజనీరు

నేను ఈ రంగంలోనే ఉద్యోగం చేస్తున్నాను, కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటే పాఠకులు తగ్గించుకుని చదువుకోవచ్చు.

ముందుగా సెన్సార్ చేసే పనిని ఏరియేటర్ పనితో పోల్చడం సరికాదంటాను. ఏరియేటర్ ఆగితే పంట పోతుంది. సెన్సార్ ఆగితే రైతు నిన్నటిదాకా ఎలా చూసుకున్నాడో అలాగే చేతి మీటరుతో చూసుకుంటాడు. ఇక ఉపయోగం గురించి. పగలు నాచు మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవే దాన్ని పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య విలువ అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. మబ్బు పట్టి రెండు రోజులు ఎండ లేకపోయినా, నాచు ఒక్కసారిగా చచ్చిపోయినా ఆ పతనం ఇంకా లోతుగా ఉంటుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కన్నా తగ్గనివ్వకూడదని అందరికీ తెలుసు, కానీ ఆ వేళకు కాపలా మనిషి నిద్రలోకి జారుకోవడం కూడా అంతే సహజం. దానితో రైతులు భయానికి రాత్రంతా ఏరియేటర్లన్నీ తిప్పుతారు. ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్‌లో రాయితీపై యూనిట్ కరెంటు రూపాయిన్నరకు దొరికేవారికి ఆ ఖర్చు పెద్దగా కనపడదు గానీ, రాయితీ అందనివారికీ, జనరేటర్ మీద డీజిల్ పోసేవారికీ అది గట్టి భారమే. ఎప్పుడు ఎన్ని తిప్పాలో సెన్సార్ చెప్పగలదు.

లోపాలు కూడా దాచను. పాత రకం పొర ఉన్న ప్రోబుకు పొర, లోపలి ద్రవం తరచుగా మార్చాలి. కాంతితో కొలిచే కొత్త రకానికి ఆ బెడద తక్కువ, ధర ఎక్కువ. ఏ రకమైనా మన చెరువుల్లో కొద్ది రోజుల్లోనే జిగట పాకుడు పట్టి తప్పు విలువ చూపిస్తుంది. దాన్ని తుడిచే పని ఎవరిదని అమ్మేటప్పుడే చెప్పాలి, చాలామంది చెప్పరు. నా ఉద్దేశంలో ఇది మరమ్మతు కన్నా పెద్ద సమస్య, ఎందుకంటే చెడిపోయిన పరికరం చెడిపోయినట్టు తెలుస్తుంది, పాకుడు పట్టిన పరికరం తప్పు అంకెను ధైర్యంగా చెబుతుంది.

ఉండి చెరువుగట్టు

ఇంజనీరు గారు, చివరి వాక్యానికి కృతజ్ఞతలు. అమ్మవచ్చినవారిలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

మండపేట చేలు

వరి వైపు నుంచి చూస్తే మరమ్మతు ఒక్కటే ప్రమాణం కాదనిపిస్తోంది. చైనుతో నడిచే కోత మిషన్ మా ప్రాంతంలో ఏనాడో స్థిరపడింది. తడి చేలో కూడా దిగబడకుండా నడుస్తుంది, గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది, చెడిపోతే యజమాని చూసుకుంటాడు కాబట్టి రైతుకు మెకానిక్‌తో పనే లేదు. మీ ప్రమాణం ప్రకారం దానికి నూటికి నూరు మార్కులు పడాలి. మరి దానితో మా కష్టం తీరిందా?

కోసిన పనలు చేలో ఆరి, కుప్ప పడి, తీరికగా నూర్చిన కాలంలో ధాన్యం తేమ పెద్ద విషయం కాదు. మిషన్ ఒకే పూటలో కోసి నూర్చి గింజను ట్రాక్టరులో పోసేస్తుంది, ఆ గింజలో తేమ ఇరవై శాతం దాటి ఉండడం మామూలే. కొనుగోలు కేంద్రంలో పదిహేడు శాతం మించితే తీసుకోరు. అందువల్ల సార్వా (ఖరీఫ్ పంట) కోతల్లో మా రోడ్లన్నీ కళ్ళాలవుతాయి. బరకాలు (టార్పాలిన్ పట్టాలు) పరిచి, మబ్బు పడితే కప్పి, మళ్ళీ విప్పి, రాత్రి ధాన్యం పక్కనే పడుకొని కాపలా కాస్తారు. కోత కూలి తగ్గిన మాట నిజమే, అయితే ఆరబెట్టే కూలీ, బరకాల అద్దె కొత్తగా వచ్చి చేరాయి, పైగా తుపాను వస్తే ఇదివరకు చేలో తడిసేది ఇప్పుడు రోడ్డు మీద తడుస్తోంది. వీటన్నిటికీ జవాబు ఊరుమ్మడి డ్రయ్యరు, కానీ దాన్ని పట్టించుకునేవాడు లేడు. ఏడాదిలో కొన్ని వారాలే తిరిగే యంత్రం కాబట్టి పెట్టుబడి పెట్టేవారికి అది లాభసాటి కాదట. మిల్లుల దగ్గర డ్రయ్యర్లు ఉన్నాయి, అవి మిల్లువారి బేరానికి బలం చేకూరుస్తున్నాయి గాని మా బేరానికి కాదు.

గడ్డి సంగతి కూడా రాయాలి. మిషన్ కోసిన గడ్డి నలిగి, ముక్కలై, చేలోనే చెల్లాచెదురుగా పడుతుంది. పాడి ఉన్నవారు ఇప్పుడు గడ్డి కట్టలు కట్టే మరో మిషన్‌కు డబ్బు ఇస్తున్నారు. ఒక యంత్రం చేసిన తేడాను సరిచేయడానికి మరొక యంత్రం కావలసి వస్తోంది.

రాజోలు కొట్టు

యంత్రాల సంగతి నాకు తెలియదు, కిరాణా కొట్టు నడుపుతాను. నాకు తెలిసి మన లంక గ్రామాల దాకా చొచ్చుకుపోయిన కొత్త సాంకేతికత ఒక్కటే, అది యూపీఐ. 2016లో మొదలైంది, 2020 జనవరి నుంచి వ్యాపారి మీద రుసుము కూడా లేకుండా చేశారు. పెట్టుబడి లేదు, మరమ్మతు లేదు, డబ్బు పడిందని మాట్లాడే పెట్టెకు నెలకు కొంత అద్దె తప్ప ఖర్చు లేదు. ఒకరోజు నెట్‌వర్క్ రాకపోతే నోట్లతో వ్యాపారం నడుస్తుంది, సరుకేమీ కుళ్ళిపోదు. చెడిపోయినప్పుడు నష్టం తక్కువగా ఉండడం కూడా ఒక గుణమేనని ఈ చర్చలో ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను.

అయితే యూపీఐ మా అరువు పుస్తకాన్ని కదిలించలేకపోయింది. పంట వచ్చాక ఇస్తానన్న మనిషికి సరుకు ఇచ్చేది నేనే, యాప్ కాదు. చెరువు రైతులను అడుగుతున్నాను, మీకు మేత అరువిచ్చే డీలరు ఫలానా యంత్రం వద్దంటే మీరు కొనగలరా?

ఉండి చెరువుగట్టు

కొట్టువారు పుండు మీదే వేలు పెట్టారు. రొయ్య సాగు ఖర్చులో సగానికి పైగా మేతే. చేతిలో డబ్బు లేని రైతు, ముఖ్యంగా కౌలు రైతు, మేతను డీలరు దగ్గర అరువు తెస్తాడు, రొయ్యల పట్టుబడి అయ్యాక తీరుస్తాడు. కొన్ని చోట్ల సరుకు ఎవరికి అమ్మాలో కూడా ఆ డీలరు మాట మీదే ఆధారపడుతుంది. మేత వృథా తగ్గించే యంత్రం వస్తే తగ్గేది ఆ డీలరు అమ్మకమే కదా. చెరువులో ముంచే చెక్ ట్రే అనే పళ్ళెంలో మిగిలిన మేత చూసి పూటపూటకూ కొలత మార్చుకునే రైతుకు యంత్రం ఇచ్చే అదనపు లాభం ఎంత ఉంటుందో కూడా నాకు అనుమానమే. ఎక్కువ చెరువులు ఉండి మనుషులు చాలనివారికి మాత్రం అది పనికొస్తుందని ఒప్పుకుంటాను.

ఇంకొకటి అడగాలి. సెన్సార్ కంపెనీలు కొన్ని ఇప్పుడు "మా లెక్కలు చూపిస్తే అప్పు ఇప్పిస్తాం" అంటున్నాయి. నా చెరువులో రొయ్య ఎంత ఉంది, ఏ కౌంట్‌కు (కిలోకు ఎన్ని తూగే సైజుకు) వచ్చింది, నీరు ఎప్పుడు పాడైంది అన్నవి కొనుగోలుదారుకు ముందే తెలిస్తే నేను బేరం ఆడేది దేని మీద? కిలోకు ముప్పై తూగే సరుకుకూ వంద తూగే సరుకుకూ ధరలో ఎంత తేడా ఉంటుందో మనకు తెలుసు. నీరు పాడై తొందరపడి పట్టేస్తున్నానని ఎదుటివాడికి తెలిస్తే ధర ఎలా పలుకుతుందో కూడా తెలుసు.

భీమవరం ఇంజనీరు

ఆ లెక్కలు రైతు అనుమతి లేకుండా బయటికి పోకూడదన్నది నా అభిప్రాయం కూడా. ఒప్పందం కాగితం మీద ఆ మాట ఉందో లేదో సంతకానికి ముందే చదివించుకోండి.

పెనుగొండ డ్రోన్ అక్క

మా మహిళా సంఘం తరఫున నేను మందు కొట్టే డ్రోన్ నడుపుతున్నాను. పైలట్ శిక్షణ పూర్తి చేసి ధ్రువపత్రం తీసుకున్నాను. మహిళా సంఘాల కోసం 2023లో ప్రకటించిన డ్రోన్ దీదీ పథకంలో ధరలో ఎనభై శాతం, గరిష్ఠంగా ఎనిమిది లక్షల రూపాయల దాకా కేంద్రం భరించేలా, మిగతాది సంఘం అప్పుగా తెచ్చుకునేలా ఏర్పాటు చేశారు.

పనితనానికి వంక పెట్టలేం. పది లీటర్ల ట్యాంకుతో ఎకరం చేను పది నిమిషాలలోపే అయిపోతుంది. చేతి పంపుతో అదే ఎకరానికి నూట యాభై, రెండు వందల లీటర్ల నీరు మోయాలి, పైగా మందు కొట్టే మనిషి ఒళ్ళంతా అది పడుతుంది. బురద చేలో దిగకుండా గట్టు మీద నిలబడి ఒక ఆడమనిషి ఈ పని చేయగలగడం మా ఊరిలో ఇదివరకు ఎవరూ చూడనిది. కష్టమంతా బ్యాటరీలతోనే. నిండు ట్యాంకుతో ఎగిరితే ఒక జత కొద్ది నిమిషాలకే దిగిపోతుంది, అందుకని నాలుగైదు జతలూ, చేను దగ్గరే ఛార్జి చేసుకోవడానికి జనరేటరూ, వీటిని మోయడానికి ఒక బండీ వెంట ఉండాలి. రెక్క విరిగితే నేనే మార్చుకుంటాను. నాజిల్ మూసుకుపోతే నేనే శుభ్రం చేస్తాను. కంట్రోల్ బోర్డు పోతే మాత్రం పెట్టెలో పెట్టి దూరం పంపాలి. తెగుళ్ళు ముమ్మరంగా ఉన్న వారాల్లో అలా జరిగితే ఆ సీజన్ సంపాదన పోయినట్టే. అందుకే ఉండి వారి ప్రశ్న నాకు బాగా తగిలింది.

ఉండి చెరువుగట్టు

అక్కా, మీ శ్రమను తక్కువ చేయడం లేదు గాని, చెరువు రైతుగా ఒక భయం చెప్పుకోవాలి. మన దగ్గర వరి చేనూ రొయ్యల చెరువూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. సైపర్‌మెత్రిన్ వంటి మందులు పురుగుకు ఎంత విషమో రొయ్యకూ అంతే విషం, కొద్దిగా పడినా చాలు. చేతి పంపు తుంపర మనిషి నడుము ఎత్తులో పడుతుంది, డ్రోన్ తుంపర సన్నగా, పైనుంచి పడుతుంది. గాలి మా వైపు తిరిగితే?

పెనుగొండ డ్రోన్ అక్క

తమ్ముడూ, ఆ భయం న్యాయమైనదే. చెరువు ఆనుకొని ఉన్న చేలలో ఆ రకం మందులు ఎవరు అడిగినా నేను డ్రోన్‌తో కొట్టను, ఆ వరుసలు చేతి పంపుతోనే కొట్టించుకోమంటాను. గాలి లేని ఉదయం పూటే ఎగరేస్తాను, ముందురోజే చెరువు రైతుకు ఫోను చేస్తాను. ఈ పద్ధతి నేను పెట్టుకున్నది, అందరూ పాటిస్తారని హామీ ఇవ్వలేను. అద్దెకు ఎకరాల లెక్కన కొట్టే కుర్రవాళ్ళు తొందరలో ఉంటారు.

అంబాజీపేట కాయ

కొబ్బరి వైపు నుంచి రెండు మాటలు. దింపు కార్మికులు తగ్గిపోయారు, ఉన్నవారి వయసు పైబడింది. చెట్టెక్కే పరికరాలు వచ్చాయి, వాటికి మరమ్మతు కూడా పెద్దగా అక్కరలేదు, వెల్డింగ్ తెలిసినవాడు చాలు. అయినా అవి మా దగ్గర పెద్దగా పాకలేదు. దింపు మనిషి కాయ కోయడంతో ఊరుకోడు, ముదురు గెలను చూసి తేల్చుకుంటాడు, ఎండు మట్టలు తీస్తాడు, మొవ్వు దగ్గర పురుగు పట్టిందేమో చూస్తాడు. ఒక్కో చెట్టుకు పరికరం బిగించి విప్పే లోపల ఆయన రెండు చెట్లు ఎక్కి దిగుతాడు. పరికరం తయారు చేసినవారు ఎక్కడాన్నే చూశారు, పైకెక్కాక చేసే పనిని చూడలేదు.

మాకు నిజంగా మేలు చేసిన కొత్తదనం ఏమిటంటే, ఒకటి ఫోను, రెండవది బూజు. ఫోను వల్ల అంబాజీపేట మార్కెట్ ధర లంకల్లో ఉన్న రైతుకు ఉదయాన్నే తెలిసిపోతోంది, తోటకు వచ్చిన వ్యాపారి నోటికొచ్చిన ధర చెప్పడం తగ్గింది. ఇక బూజు. సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాట కనిపించి, తరువాత మన తోటలకూ పాకి, ఆకుల మీద నల్లని మసి పట్టించినప్పుడు అంత ఎత్తు చెట్టుకు మందు కొట్టడం ఎవరి తరమూ కాలేదు. అప్పుడు ఇక్కడి ఉద్యాన పరిశోధన స్థానం వారు మిత్ర పురుగులనూ, తెల్లదోమను చంపే ఐసేరియా శిలీంధ్రాన్నీ రైతులకు అందించారు. దానికి మెకానిక్ అవసరం లేదు, బ్యాటరీ అవసరం లేదు.

ధవళేశ్వరం పాత ఉద్యోగి

కాయవారి మాటకు ఒక జోడింపు. మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి, అంటే ఎం.టి.యు. 7029, తూర్పు భారతమంతా పాకింది. విత్తనం రైతు గాదెలోనే నిలవ ఉంటుంది, పొరుగువాడికి బదులు ఇవ్వవచ్చు. ముంపును రెండు వారాల దాకా తట్టుకొనే స్వర్ణ సబ్-1 దాని నుంచే వచ్చి 2009లో విడుదలైంది. మన ముంపు చేలకు ఇంతకన్నా పనికొచ్చే ఆవిష్కరణ ఏ పెట్టెలోనూ రాలేదని నా నమ్మకం.

నేను పనిచేసిన నీటిపారుదల శాఖ సంగతి కూడా చెప్పాలి. కాటన్ దొర 1852కు గోదావరి మీద ఆనకట్ట పూర్తి చేశారు, దాని స్థానంలో ఇప్పటి బ్యారేజీ 1982 నాటికి వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు కలిపి 175 గేట్లు, దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టు. ఏటా దాళ్వా (రబీ పంట) అయ్యాక కాలువలు కట్టేసి పూడిక తీయడం, తూములూ లాకుల తలుపులూ సరిచేయడం ఈ వ్యవస్థలో మొదటి నుంచీ భాగమే. ఆ పనులు సరిగా చేయని ఏడు శివారు చేలకు నీరు అందక గొడవలు వస్తాయి. నీరు ఇచ్చే నెలలూ బాగుచేసే నెలలూ రెండూ లెక్కలో వేసుకొని కట్టిన వ్యవస్థ ఇది. సెన్సార్ అమ్మేవారు పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టే రోజుల్లో వచ్చి ప్రోబులు తుడిచి, కొలత సరిచూసి, పాతవి మార్చి వెళితే సగం ఫిర్యాదులు రావు. ఆ పని ధరలో కలిపి చెప్పమనండి.

భీమవరం ఇంజనీరు

ఇది చేయదగినదే. పక్కపక్క చెరువుల వారు కలిసి కొంటే ఒక అదనపు ప్రోబు ఉమ్మడిగా గట్టు మీదే ఉంచవచ్చు. పోయినదాన్ని తీసి అది బిగించి, పాడైనదాన్ని తరువాత తీరికగా పంపుకోవచ్చు. బోర్డు మరమ్మతును పల్లెలోనే చేయాలనడం మాత్రం అత్యాశ అనే ఇప్పటికీ అంటాను.

పాలకొల్లు వర్క్‌షాపు

అత్యాశ అనకండి. సెల్‌ఫోను బోర్డును సూక్ష్మదర్శిని కింద పెట్టి చిప్పు మార్చే కుర్రవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వారికి ఎవరూ పటాలు ఇవ్వలేదు, అయినా నేర్చుకున్నారు. ఫోన్లు లక్షల్లో ఉన్నాయి కాబట్టి నేర్చుకోవడం గిట్టుబాటైంది, సెన్సార్లు అన్ని లేవు, అదొక్కటే తేడా. బోర్డు మీకే వదిలేస్తాను. ప్రోబు, కేబుల్, కనెక్టరు, ఛార్జింగ్ భాగం, ఈ నాలుగూ బజారులో విడిగా అమ్మండి, వాటిని మేము ముట్టుకుంటే గ్యారంటీ పోదని బిల్లు మీద రాసి ఇవ్వండి. నా దగ్గరకు వచ్చే కేసుల్లో ఎక్కువ వాటిలోనే తేలతాయి.

ఉండి చెరువుగట్టు

వచ్చే పంటకు మా గట్టు మీద అయిదుగురం కలిసి ఒక సెట్టు తీసుకోవాలని అనుకుంటున్నాం. అడగబోయే షరతులు ఇవి: అదనపు ప్రోబు భీమవరంలోనే నిలవ ఉండాలి, చెరువు ఎండగట్టినప్పుడు వచ్చి సరిచూడాలి, లెక్కలు మా అనుమతి లేనిదే ఎవరికీ చూపకూడదు, వర్క్‌షాపు వారు చెప్పిన నాలుగు భాగాలు విడిగా అమ్మాలి, సగం డబ్బు పట్టుబడి అయ్యాకే ఇస్తాం. ఒప్పుకున్న కంపెనీ ఏదైనా దొరికితే ఒప్పందంలోని మాటలు ఇక్కడే పెడతాను.

రాజోలు కొట్టు

చివరి షరతుకు ఒప్పుకునేవాడు దొరికితే వాడికి మా కొట్టులో కూడా అరువిస్తాను.